కళ వేరు, కళాకారుడు వేరా?

కళను చూడాలేగాని కళాకారుణ్ణి చూడరాదంటారు కొందరు. ఇది ఎంతవరకు సమంజసం?

ఉమయ్య బిన్ అబిస్సల్త్ ఇస్లాం స్వీకరించలేదు. అయినా దైవప్రవక్త (సల్లం) అతని కవితలను ఒక సహచరుని నోట అడిగి మరీ విన్నారు, దాదాపు నూరు పద్యాలు! ఎందుకంటే వాటిలో సత్యం ఉంది.

జర్మనీ దర్శకురాలు లెనీ రీఫెన్‌స్టాల్ విషయం అలాంటిది కాదు. 1934లో నూరెంబర్గ్‌లో జరిగిన నాజీ మహాసభను ఆమె హిట్లర్ కోరికపై చిత్రీకరించింది. డకావ్ నిర్బంధ శిబిరం వెలసి అప్పటికే ఏడాది దాటింది. 1935లో విడుదలైన ఆ చిత్రం పనితనంలో గొప్పదే. కాని ఆ పనితనమే దుర్మార్గుణ్ణి జాతి రక్షకునిగా చూపించింది. తనది కేవలం కళేనని 2003లో మరణించేవరకూ ఆమె వాదించింది.

హంతకుని కోసం కత్తికి సానపట్టినవాడు 'నేను నరకలేదుగా' అంటే చెల్లుతుందా?

నైపుణ్యం అల్లాహ్ ఇచ్చిన అమానతు. కలమైనా, కంఠమైనా, కెమెరా అయినా దాన్ని ఎవరికి అప్పగించామో రేపు ఆయన సన్నిధిలో లెక్క చెప్పుకోవలసిందే.