కంటికి కనబడని పొగ

ధ్యాన భాగములు: ఆదికాండము 2:15, కీర్తనలు 19:12



దేవుడు ఆదామును ఏదెను తోటలో నుంచినప్పుడు సాగు చేయు పనితోబాటు కాపాడు పనిని కూడ అప్పగించెను. సాగు మనకు బాగుగా తెలియును. కాపాడుట యెట్లో యింకను నేర్చుకొనవలసియున్నది.

1952 డిసెంబరులో లండను నగరమును అయిదు దినములు దట్టమైన పొగమంచు కప్పివేసెను. ఇండ్లలోను కర్మాగారములలోను కాల్చిన బొగ్గే దానికి ముఖ్య కారణము. వేలకొలది జనులు చనిపోయిరి. అందుచేత 1956లో ఆ దేశపు పార్లమెంటు నల్లని పొగను అరికట్టుటకు చట్టము చేసెను. క్రమముగా ఆకాశము తేటపడెను.

అయితే పని ముగిసెనా? లేదు. మసి కంటికి కనబడును. బొగ్గు మండునప్పుడు పుట్టు బొగ్గుపులుసు వాయువు కనబడదు, దానికి వాసనయు లేదు. అది ఆకాశములో నిలిచి, దుప్పటివలె భూమి వేడిని పట్టియుంచును. మసి తగ్గినను ఆ వాయువు ఆగలేదు. దావీదు తనకు తెలియని తప్పుల విషయమై కూడ ప్రార్థించెను. మనమో, పదిమంది చూచు తప్పును దిద్దుకొని, చూడనిదానిని విడిచిపెట్టుదుము.

2008లో బ్రిటను దేశము ఈ కనబడని వాయువునకు కూడ చట్టము చేసి, అయిదేండ్లకొక లెక్క చొప్పున హద్దు నియమించెను. కాని బొగ్గు వద్దన్నంత మాత్రమున దీపము వెలుగునా? ఆ వెలుగు కొరకు పరిశోధకులు ఎన్నో ఏండ్లు శ్రమించిరి. 1954లో అమెరికాలో బెల్ ప్రయోగశాలవారు చూపిన సౌర ఘటము, తనపై పడిన ఎండలో నూటికి సుమారు 6 పాళ్లే విద్యుత్తుగా మార్చెను. నేటి పలకలు 20 పాళ్లు మార్చుచున్నవి. 2012లో బ్రిటను విద్యుత్తులో నూటికి సుమారు 40 పాళ్లు బొగ్గువలన కలిగెను. 2024 సెప్టెంబరు 30న అక్కడి చివరి బొగ్గు విద్యుత్ కేంద్రము మూతపడెను. గాలిమరలతోబాటు సహజ వాయువు కూడ దాని స్థానము పుచ్చుకొనెను. ఆ వాయువును మండించినను అదే పొగ పుట్టును గనుక పని యింకను మిగిలియున్నది.

కంచె లేని చేను నిలువదు. విత్తనము చల్లని చేనికి కంచె యెందుకు? చట్టము కంచె వంటిది, పరిశోధన విత్తనము వంటిది. రెండును కావలెను.

మన సంఘములలో సింగరేణి గనులలో దిగి బిడ్డలను పెంచిన తండ్రులున్నారు. వారి చెమటవలననే మన యిండ్లలో దీపము వెలిగినది. వారిని దోషులనుగా ఎంచరాదు. గని మూయు దినము వచ్చినయెడల, ఆ కుటుంబములకు వేరొక జీవనము చూపుట కూడ తోటను కాపాడు పనిలోనిదే. కర్నూలు సీమలో 2017 నుండి వెయ్యి మెగావాట్ల సౌర కేంద్రము పని చేయుచున్నది. అట్టి పనులలో ఆ గని కార్మికుల బిడ్డలకును చోటు దొరకవలెను.

ప్రభువా, మేము చూడని తప్పును మాకు చూపుము. దిద్దుకొను ఓర్పు మాకు దయచేయుము. ఆమేన్.