స్వస్థత దొరకని వాళ్ల సాక్ష్యం

హైదరాబాదులో ఏ మూలకు వెళ్లినా స్వస్థత కూటాల వాల్‌పోస్టర్లు కనిపిస్తాయి. పుప్పాలగూడ, మణికొండ, నార్సింగి వైపు ఒకప్పుడు పొలాలూ రాళ్లగుట్టలూ ఉన్న చోట ఇప్పుడు ఐటీ ఉద్యోగుల అపార్టుమెంట్లు లేచాయి. వాటితోపాటే చిన్న చిన్న క్రైస్తవ సంఘాలూ వచ్చాయి. స్వస్థత కూటానికి వీల్‌చైర్‌లో వెళ్లి, వీల్‌చైర్‌లోనే తిరిగొచ్చే మనిషి గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించారు, నూనె రాశారు, లేచి నడవమన్నారు, అతను నడవలేకపోయాడు. ఇంటికొచ్చాక ఎవరో ఒకరు మెల్లగా అంటారు: ఇంకా విశ్వాసం చాల్లేదేమో, ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో అని. శరీరం మోసే బరువుకు తోడు నేరం కూడా నెత్తికెత్తే మాట అది. దాని క్రూరత్వం సంగతి అలా ఉంచితే, క్రైస్తవ విశ్వాసం లెక్క ప్రకారమే అది తప్పని నా వాదన. సువార్త ఇచ్చే నిరీక్షణకు శరీరం బాగుపడాలన్న షరతు లేదు. ఆ షరతు మనం పెట్టింది.

లేఖనాల్లోనే చూద్దాం. కష్టాల్లో పడ్డ యోబును ఓదార్చడానికి వచ్చిన ముగ్గురు స్నేహితులు ఏడు రోజులు అతని పక్కన నేలమీద మౌనంగా కూర్చున్నారు. అంతవరకూ వాళ్లు మంచి స్నేహితులే. నోరు తెరిచి, నీ పాపమే నిన్నిలా చేసిందని తర్కం మొదలుపెట్టాకే చెడిపోయారు. యోబు గ్రంథం చివర్లో దేవుని కోపం రగిలింది తనను నిలదీసిన యోబు మీద కాదు, తన తరఫున వకాల్తా పుచ్చుకున్న ఆ స్నేహితుల మీద. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూసి, పాపం ఇతనిదా, తల్లిదండ్రులదా అని శిష్యులు అడిగితే యేసు రెండూ కాదన్నాడు. ఇక పౌలు సంగతి. అతని ఒంటిని తాకిన గుడ్డలతో రోగులు బాగుపడ్డారని అపొస్తలుల కార్యములు చెబుతుంది. అదే పౌలు తన శరీరంలోని ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు, ముల్లు పోలేదు. తోటి పనివాడు త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో వదిలి వెళ్లాల్సి వచ్చింది. కడుపు జబ్బుతో తరచూ బాధపడే తిమోతికి, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని సలహా రాశాడు. ఆ జబ్బు తగ్గడానికి విశ్వాసం పెంచుకోమని మాత్రం ఒక్క ముక్క కూడా రాయలేదు. విశ్వాసం చాలినవాళ్లందరూ బాగుపడతారన్న సూత్రం నిజమైతే, ముందు పౌలునీ అతని మిత్రులనీ సంఘం నుంచి వెలివెయ్యాలి.

వీటన్నిటికంటే బలమైన సాక్ష్యం పునరుత్థానం దగ్గరే ఉంది. మృత్యువును జయించిన శరీరం కొత్తది, మహిమగలది అని క్రైస్తవులు నమ్ముతారు. ఆ శరీరం మీద మేకుల గాయాలు అలాగే ఉన్నాయి. శిష్యుడు తోమా తన ప్రభువును గుర్తుపట్టింది ఆ గాయాలతోనే. పుట్టుకతోనే ఎముకల లోపంతో బతికిన అమెరికన్ వేదాంతి నాన్సీ ఐస్‌లాండ్ 1994లో ఒక పుస్తకం రాసి, దేవుణ్ణి వైకల్యం ఉన్న దేవుడిగా చూడమంది. ఆ మాట చాలామందిని ఉలిక్కిపడేలా చేసింది. కానీ ఆమె కొత్తగా కల్పించిందేమీ లేదు, తోమా చూసినదాన్నే చూపించింది. దెబ్బతిన్న శరీరం దేవుని మహిమకు అడ్డమైతే, గాయాలు మానని ఆ శరీరం దేవుని కుడిపక్కన కూర్చోగలిగేది కాదు కదా!

ఇదంతా గ్రంథంలో మాట, బతుకులో నిలుస్తుందా అంటే నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లి చరిత్ర చూడాలి. స్కాట్లాండుకు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ 1907లో మెథడిస్టు మిషన్ తరఫున నిజాం రాజ్యానికి వచ్చారు. ఊళ్లు వెళ్లగొట్టిన కుష్ఠురోగులు ఆమె కంటపడ్డారు. నర్సాగౌడ్ అనే హిందూ దాత ఇచ్చిన పెద్ద విరాళంతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆస్పత్రి మొదలైంది. ఇక్కడ ఒక విషయం ఆగి ఆలోచించాలి. ఆ రోజుకి కుష్ఠుకు నమ్మదగిన మందు లేదు. తర్వాతి ఏళ్లలో చాల్మూగ్రా నూనె ఇంజెక్షన్లు వచ్చాయి గానీ వాటి ఫలితం అంతంతమాత్రం. జబ్బును నిజంగా లొంగదీసిన సల్ఫోన్ మందులు 1940లలో గానీ రాలేదు, రెండు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది 1981లో. ఇసబెల్ కెర్ 1932లోనే చనిపోయింది. అంటే ఆమె పని చేసిన కాలమంతా, నమ్మదగిన మందు చేతిలో లేని కాలమే. అయినా పుండ్లు కడిగారు, కట్లు కట్టారు, భోజనం పెట్టారు. మార్కు సువార్తలో యేసు కుష్ఠురోగిని బాగుచేసిన తీరు ఇదే వరసలో ఉంటుంది: ముందు చెయ్యి చాపి ముట్టుకున్నాడు, ఆ తర్వాతే రోగం పోయింది. ముట్టరాదన్న శరీరాన్ని ముట్టుకోవడంలోనే నిరీక్షణ మొదలైంది, స్వస్థత దాని వెనక వచ్చింది. డిచ్‌పల్లిలో చాలామందికి ఆ రెండోది రాలేదు, మొదటిది మాత్రం అందింది.

దీనికి ఇంకో కొస కూడా ఉంది. మందులు వచ్చాక క్రిములు చచ్చాయి. కానీ నరాలు చచ్చిన చేతులకు స్పర్శ తిరిగి రాలేదు, అరిగిపోయిన వేళ్లు మొలవలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో, కుష్ఠు నయమైనవాళ్లు ఒక వర్గం. రోగం పూర్తిగా పోయిన మనిషి వైకల్యంతో మిగలొచ్చని మన చట్టానికే తెలుసు. ప్రార్థనకు ఒక్కటే జవాబు ఉండాలని పట్టుబట్టే బోధకులకు ఇది తెలియకపోతే ఎలా?

ఇక్కడ కొన్ని అభ్యంతరాలు న్యాయంగానే వస్తాయి. మిషనరీల సేవ మతమార్పిడి కోసమేనని ఒకటి. ఆ ఉద్దేశం వాళ్లకు లేదని నేననను, సువార్త చెప్పడానికే వచ్చామని వాళ్లే చెప్పుకున్నారు. ఆకలితో, రోగంతో ఉన్న మనిషి ముందు అన్నమూ బోధా ఒకే చేత్తో పెడితే అతని ఒప్పుకోలు ఎంత స్వేచ్ఛగా ఉంటుందన్న ప్రశ్న గట్టిది, క్రైస్తవులు దాన్ని తప్పించుకోకూడదు. కరుణ ఒక్క మతం సొత్తా అని ఇంకొకటి. కాదు. డిచ్‌పల్లికి డబ్బిచ్చింది హిందువే. మన కూకట్‌పల్లిలోనే రాణీ కుముదినీ దేవి 1958లో శివానంద పునరావాస కేంద్రం స్థాపించి కుష్ఠురోగులను అక్కున చేర్చుకుంది. సేవ క్రైస్తవుల ప్రత్యేకత అని నేను వాదించడం లేదు. గాయపడిన శరీరాన్నే తన కేంద్రంలో పెట్టుకున్న విశ్వాసం, గాయపడినవాళ్లను అంచుకు నెట్టితే తనను తానే కాదన్నట్టు అవుతుందని మాత్రమే అంటున్నాను.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఇది: షరతు లేని నిరీక్షణ అంటూ బాధకు సర్దుకుపొమ్మని చెబుతున్నావు, ఇక వైద్యం ఎందుకు, హక్కులు ఎందుకు అని. బాధకు పుణ్యం అంటగట్టడం నాకూ సమ్మతం కాదు. యేసు రోగం మంచిదని ఎవరికీ చెప్పలేదు, ఎదురొచ్చిన చోటల్లా దాన్ని తీసేశాడు. కానీ బాగుపడితేనే విలువ అనుకోని మనిషే నిజానికి ఎక్కువ పోరాడగలడు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పనిచేసిన డాక్టర్ మేరీ వర్గీస్‌కు 1954లో కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని నడుము కింద పడిపోయింది. ఆమె మళ్లీ నడవలేదు. వీల్‌చైర్‌లో కూర్చునే, కుష్ఠుతో వంకరపోయిన చేతులకు ఆపరేషన్లు చేసింది. తర్వాత అమెరికా వెళ్లి పునరావాస వైద్యం చదివొచ్చి వెల్లూరులో ఆ విభాగాన్ని నిలబెట్టింది. చిత్తూరు, నెల్లూరు జిల్లాల నుంచి వెల్లూరు రైలెక్కే తెలుగువాళ్లు ఎందరో ఆ ఆస్పత్రి మేలు పొందారు. సర్దుకుపోవడం అంటే ఆమె మంచాన మిగలాలి. ఆమె ఎన్నుకున్నది అది కాదు.

దేవుడు ఒకరిని లేపి మరొకరిని ఎందుకు లేపడు అన్న ప్రశ్నకు ఈ వాదన జవాబివ్వదు. యోబుకూ ఆ జవాబు దొరకలేదు. జవాబు దొరికిందని చెప్పేవాళ్లనే నేను అనుమానిస్తాను.

ఐటీ కారిడారులో ఈ మాటకు ఇంకాస్త అవసరం ఉంది. ఇక్కడ మనిషి విలువను పనిగంటలు, అప్రైజల్ రేటింగులు, ప్యాకేజీ కొలుస్తాయి. ఆ కొలత ఆదివారం నాడు సంఘంలోకి కూడా వస్తుంది: ప్రమోషన్ వచ్చినవాళ్లూ వీసా వచ్చినవాళ్లూ జబ్బు తగ్గినవాళ్లూ మైకు పట్టుకుని సాక్ష్యం చెబుతారు, తగ్గనివాళ్లు వెనక వరసలో వింటారు. తగ్గని జబ్బుతో ఇరవై ఏళ్లు ప్రార్థన మానని తల్లి సాక్ష్యం వినకపోతే ఆ సంఘం సువార్తలో సగమే వింటున్నట్టు. మార్కు సువార్తలోనే పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చి, జనం అడ్డం ఉంటే ఇంటికప్పు విప్పి దించారు. యేసు వాళ్ల విశ్వాసం చూశాడని అక్కడ ఉంది, మోసినవాళ్లదీ కలిపి. విశ్వాసం చాలిందా అన్న ప్రశ్న అడగాల్సిందే అయితే, మంచం మీద ఉన్నవాణ్ణి కాదు, మోయాల్సినవాళ్లను అడగాలి. కొత్త కాలనీల్లో చాలా సంఘాలు షాపుల పై అంతస్తుల్లో అద్దె హాళ్లలో నడుస్తాయి. అగ్రిమెంటు మీద సంతకం పెట్టే ముందు అక్కడ లిఫ్టు ఉందా, బాత్రూము తలుపులోంచి వీల్‌చైర్ పడుతుందా, చెవులు వినపడనివాళ్లకు సైగల భాషలో ప్రసంగం చెప్పగలిగేవాళ్లు దొరుకుతారా అని పెద్దలు కనుక్కోవచ్చు. లిఫ్టు లేకపోతే ఇంకో హాలు వెతకొచ్చు.