దారి చూపు పలక

ధ్యాన వాక్యభాగము: ద్వితీయోపదేశకాండము 19:1–10



బాన్సువాడ నుండి నస్రుల్లాబాద్ మీదుగా పోవు పెద్ద రోడ్డును మన పల్లెలతో కలుపు చిన్న రోడ్లను మీరందరు ఎరుగుదురు. అవి రెండు మూడు కిలోమీటర్లు వరి పొలముల నడుమ సాగి పల్లెలో ఆగిపోవును. అవి చిన్నవే గాని, కాన్పునకు తల్లి ఆసుపత్రికి పోవునది ఆ రోడ్డు మీదనే. ధాన్యము అమ్మకమునకు పోవునదియు, చదువుకొను పిల్ల బస్సు కొరకు నడచునదియు దాని మీదనే.

ఇట్టి పల్లె రోడ్ల కొరకు ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 సంవత్సరము డిసెంబరు 25న, సరిగా క్రిస్మస్ దినమున, ఆరంభమాయెను. మైదాన ప్రాంతములలో 500 మందియు అంతకు మించియు జనులుండి రోడ్డు లేని పల్లెలకు, వానకాలమందును నిలుచు రోడ్డు వేయవలెనన్నది దాని మొదటి ఉద్దేశము. జాతీయ రహదారి మీది కిలోమీటరు రాయికి పసుపు తల, రాష్ట్ర రహదారి రాయికి ఆకుపచ్చ తల, ఈ పల్లె రోడ్ల రాయికి నారింజ తల వేయుదురు.

చిన్న రోడ్డు పెద్ద రోడ్డును కలియు చోట పలకలు నిలుపుదురు. ఎఱ్ఱ అంచు గల ముక్కోణపు పలక ముందున్న అపాయమును తెలుపును. గుండ్రని పలక ఆజ్ఞ ఇచ్చును. ఆగుమని చెప్పు పలకకు ఎనిమిది మూలలుండును. దుమ్ము పట్టి అక్షరములు కనబడకపోయినను ఆకారమును బట్టియే తెలియవలెనని ఆలాగు చేసిరి. ఊరి పేరును బాణపు గుర్తును గల పలక మాత్రము ఎవరికిని ఆజ్ఞ ఇయ్యదు. అది త్రోవ చూపి ఊరకుండును. ఈ చివరి పలకను గూర్చి మేము మీ యెదుట ఒక తప్పు ఒప్పుకొనవలసి యున్నది.

ఒక వేసవిలో మా సంఘములోని వృద్ధురాలైన ఒక తల్లి ప్రభువునందు నిద్రించెను. ఆమె అన్న మహారాష్ట్రలో దెగ్లూరు వైపు నివసించువాడు. చెల్లెలి ముఖము కడసారి చూడవలెనని బాడుగ బండిలో బయలుదేరెను. బండి నడుపువాడు ఈ ప్రాంతమునకు క్రొత్తవాడు. ఎండ తీవ్రముగా ఉండెను గనుక, ఎంతసేపు నిలుపగలమో అంతసేపు నిలిపి, ప్రొద్దు క్రుంకు వేళ భూస్థాపన జరిగించితిమి. ఆయన వచ్చునప్పటికి చీకటి పడెను. సమాధి మీది మన్ను ఇంకను పచ్చిగానే యుండెను. మలుపు దాటి బహుదూరము పోయి, అడిగి తెలిసికొని, వెనుకకు వచ్చిరట.

"పెద్దయ్యా, మలుపు కాడ బోర్డు ఉన్నది గదా" అని మేము అడిగితిమి. ఆయన కోపపడలేదు. "అయ్యగారూ, బండి లైటుల మీ పేరైతే చదివినం. ఊరి పేరే కనవడలే" అనెను.

మరునాడు ఉదయము పోయి చూచితిమి. మా సువార్త కూటముల ప్రకటన కాగితము ఆ పలక మీద అంటింపబడి యుండెను. దాని మీద ప్రసంగీకుల ఫోటోలును, పెద్ద అక్షరములతో మా పేరును ఉండెను. దాని క్రింద బాణపు గుర్తు మరుగైపోయెను. అంటించినవారు మా యౌవనులే. ఆ దినములలో ఆ మలుపున మేము ఎన్నిసార్లు వచ్చి పోయితిమో! మా పేరు చూచి సంతోషించితిమే గాని, దాని క్రింద ఏమున్నదని తలంచలేదు.

ప్రియులారా, పొరబాటున మనుష్యుని చంపినవాడు పారిపోయి బ్రదుకుటకై దేవుడు ఇశ్రాయేలీయులకు ఆరు ఆశ్రయపురములు నియమించెను. యొర్దానుకు ఈవల మూడు, ఆవల మూడు. పురములు ఏర్పరచుట మాత్రమే కాదు, వాటికి పోవు త్రోవ కూడ సిద్ధపరచవలెనని మోషే ఆజ్ఞాపించెను. ఏలయనగా వెనుక తరుముకొని వచ్చువాడు ఉండగా, త్రోవ తెలియనివానికి ఆశ్రయపురము ఉండియు లేనట్టే. త్రోవలు చీలు చోట్ల "ఆశ్రయము" అను మాట వ్రాసి యుంచెడివారని యూదుల తల్మూదు చెప్పుచున్నది. ఆ ఒక్క మాటయే చాలును. వ్రాయించిన పెద్ద పేరు అక్కడ ఎందుకు? పరుగెత్తువానికి దానితో ఏమి పని?

బాప్తిస్మమిచ్చు యోహానును చూడుడి. ఆయన యేసును చూపగా, ఆయన శిష్యులిద్దరు ఆయనను విడిచి యేసు వెంట పోయిరి (యోహాను 1:35–37). యోహాను దానిని నష్టముగా ఎంచలేదు. జనులు తన్ను దాటి ముందుకు పోయినప్పుడే పలక తన పని చేసినట్లు.

సంఘము కూడ మలుపున నిలిచిన పలక వంటిదే. అప్పులలో మునిగినవాడు, త్రాగుడునకు దాసుడైనవాడు, భర్త విడిచిన స్త్రీ, వీరు మన గుడి ప్రక్కగా పోవుచున్నారు. వారు తల ఎత్తి చూచినప్పుడు ఏమి కనబడుచున్నది? క్రీస్తా, లేక మన పేర్లా? కానుక ఇచ్చినవారి పేర్లు, కమిటీ తగాదాలు, ఏ కుటుంబము ముందు కూర్చుండవలెనను పోరు, ఇవన్నియు బాణపు గుర్తు మీద అంటించిన కాగితములే. గ్రుడ్డివానిని త్రోవ తప్పించువాడు శాపమునకు లోనగునని ధర్మశాస్త్రము చెప్పుచున్నది (ద్వితీ. 27:18). మేము బుద్ధిపూర్వకముగా చేయలేదు. అయినను చెల్లెలి ముఖము చూడక ఒక అన్న తిరిగిపోయెను. దానిని మేము తిరిగి ఇయ్యలేము.

ఆ దినమున యౌవనులతో కూడ మేమును బకెట్టుతో నీళ్లు తీసికొనిపోయి, ఆ కాగితమును తడిపి గీకితిమి. జిగురు వదలుటకు చాల సేపు పట్టెను. ఆ పెద్దయ్యకు క్షమాపణ చెప్పి పంపితిమి. అది మొదలుకొని మా కూటముల కాగితమును ఏ దారి పలక మీదను అంటింపము.

మీరును ఈ నెలలో రెండు పనులు చేయుడి. మీ ఊరి మలుపున ఉన్న పలకను పోయి చూడుడి. దాని మీద మన కాగితముండిన తీసివేయుడి, కొమ్మ అడ్డమైన నరుకుడి, విరిగి పడిన పంచాయతీవారికి తెలుపుడి. రాత్రి వచ్చు పరదేశికి అది మీరు చేయు ఉపకారము. పిమ్మట ఇంటికి వచ్చి, తలుపు మూసి, మీ హృదయములో ప్రభువు నామము మీద ఏమి అంటించి యున్నారో పరీక్షించుకొనుడి. ఆ జిగురు త్వరగా వదలదు. అయినను గీకుడి.

ప్రార్థన: ప్రభువా, నీవే మార్గమవు. మా పేరు చేత నిన్ను మరుగుపరచిన తప్పును క్షమించుము. త్రోవ వెదకువారికి నిన్ను మాత్రమే చూపి, ప్రక్కన నిలుచు కృప మాకు దయచేయుము. ఆమేన్.