ఒకే మాట: పోనిచ్చుటయు, ఆపుటయు

ధ్యాన భాగము: నిర్గమకాండము 5వ అధ్యాయము



పట్టణమునకు వెళ్లినప్పుడు ఇండ్ల గుమ్మములకు వ్రేలాడు 'టు లెట్' అను పలకను మీరు చూచియే యుందురు. ఇల్లు అద్దెకు ఇచ్చెదమని దాని భావము. ఇంగ్లీషు చదువు మన పిల్లలు ఈ 'లెట్' అను మాటను చిన్న తరగతులలోనే నేర్చుకొందురు. 'లెట్ మీ గో' అనగా నన్ను పోనిమ్ము. 'లెట్ అస్ ప్రే' అనగా ప్రార్థన చేయుదము. వెలుగు కలుగవలెనని సృష్టికర్త పలికిన ఆజ్ఞయు ఇంగ్లీషు బైబిలులో ఈ మాటతోనే మొదలగును. మూడక్షరముల మాటకు ఎంత పని!

అయితే 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిలు చదువువారికి రోమా 1:13లో కాలికి రాయి తగులును. పౌలు రోమాకు రావలెనని అనేక పర్యాయములు ఉద్దేశించెను గాని ఇంతవరకు 'లెట్' చేయబడెనని అక్కడ ఉన్నది. మా బైబిలు తరగతిలో ఒక యౌవనస్థుడు దీనిని చూచి, "అయ్యగారూ, రానిచ్చిరా, రానియ్యలేదా? ఇది అచ్చుతప్పా?" అని అడిగెను. అచ్చుతప్పు కాదు. ప్రాచీన ఇంగ్లీషులో రెండు వేరు మాటలుండెను. ఒకటి విడిచిపెట్టుట, మరియొకటి ఆటంకపరచుట. నోళ్లలో అరిగి అరిగి రెండును ఒకే రూపమునకు వచ్చెను. ఈ రెండవది, రైలు 'లేటు' అని మనమనునప్పటి లేటుకు దగ్గరి చుట్టము. 1881లో సవరించిన ఇంగ్లీషు క్రొత్త నిబంధనలో అక్కడ ఆ పాత మాట తీసివేసి స్పష్టమైనది పెట్టిరి. అయినను అది పూర్తిగా చావలేదు. గల్ఫు దేశములకు పోవు మన సహోదరుల పాస్‌పోర్టులలో, వీరిని ఏ 'లెట్' లేకుండ పోనియ్యవలెనని రాష్ట్రపతి పేరట అచ్చువేయబడి యున్నది.

తెలుగు బైబిలు చదువువారికి ఈ చిక్కు లేదు, దేవునికి స్తోత్రము. మనకు పోనిచ్చుట వేరు, ఆపుట వేరు. మరి ఈ ఇంగ్లీషు గోల మనకెందుకందురా? నిర్గమకాండము 5వ అధ్యాయము కొరకే.

మొదటి వచనములో మోషే అహరోనులు యెహోవా పేరట ఫరోతో, నా జనమును పోనిమ్మని చెప్పిరి. పాత ఇంగ్లీషులో అది 'లెట్'. నాలుగవ వచనములో ఫరో, జనులను వారి పనులనుండి మీరేల ఆపుచున్నారని గద్దించెను. అదియు 'లెట్'! హెబ్రీ మూలములో ఇవి రెండు వేరు మాటలే. ఇంగ్లీషులో మాత్రము దేవుని నోట విడుదలయైన మాట, ఫరో నోట ఆటంకమైనది. ఫరో లెక్కలో ఆరాధన అనగా పనికి అడ్డము. ఇంతటితో ఆగెనా? ఏడవ వచనములో, వారు వెళ్లి తామే గడ్డి కూర్చుకొనవలెనని ఆజ్ఞ ఇచ్చెను. ఇంగ్లీషులో చూడుడి, మరల 'లెట్ దెమ్ గో'! దేవుడడిగిన మాటనే ఫరో పలికెను గాని, పంపినది అరణ్యమునకు కాదు, గడ్డికి. ఇటుకల లెక్క మాత్రము ఒక్కటియు తగ్గలేదు. పైగా సోమరులని పేరు పెట్టెను.

1976లో మన దేశములో వెట్టిచాకిరిని చట్టము రద్దు చేసెను. అయినను అడ్వాన్సు తీరువరకు ఇటుక బట్టీ విడిచి కదలరాదను మాట నేటికిని కొన్నిచోట్ల వినబడుచున్నది. బట్టీ యజమానుని సంగతి మనకెందుకని తప్పించుకొనవద్దు. పాలేరును ఆదివారము గుడికి పొమ్మని మన రైతు సహోదరులే చెప్పుదురు. పేడ ఎత్తి, గొడ్లకు నీరు పెట్టి, గడ్డి వేసి పొమ్మందురు. అతడు వచ్చుసరికి ఆశీర్వాదము అయిపోవును. స్త్రీల కూటమునకు వద్దని ఏ భర్తయు అనడు. వంట, నీళ్లు, చంటిబిడ్డ అన్నియు ముగించి పొమ్మనును. ఆడపిల్లను బడి మాన్పించితిరా అని అడిగిన, "అయ్యో, మేము వద్దంటిమా? పొమ్మనే అంటిమి" అందురు. ఆమె తలమీద మాత్రము మిరపకాయల గంప. ఇది ఏ 'లెట్' సహోదరులారా? యెహోవాదా, ఫరోదా?

ఆ అధ్యాయము విడుదలతో ముగియలేదు. ఇశ్రాయేలీయుల నాయకులు దెబ్బలు తిని, ఫరోను వదలి మోషేనే నిందించిరి. మోషే ప్రభువునొద్దకు తిరిగి వెళ్లి, నీవు నీ జనులను విడిపింపనేలేదని మొరపెట్టెను.

మిరప కోతలు దగ్గరకు వచ్చుచున్నవి. పోయిన ఏటి కోతల కాలమున ఆదివారపు బడి హాజరుపట్టీలో ఖాళీగా నిలిచిన గడులు మా యొద్దనున్నవి. అవి ఎక్కువగా ఆడపిల్లల పేర్లకు ఎదుటనే ఉన్నవి. వచ్చు నెల మొదటి ఆదివారము ఆరాధన తరువాత సంఘ పెద్దలును మేమును ఆ ఇండ్లకు వచ్చెదము. తండ్రులు ఇంటనుండవలెనని మనవి.