తారీకు కిటికీ

గడియారాల లోకంలో ఒక చిత్రమైన మాట ఉంది. గంట, నిమిషం, సెకను కాకుండా గడియారం ఇంకేం చూపించినా, అది తారీకైనా, వారమైనా, చంద్రకళైనా, దాన్ని ‘కాంప్లికేషన్’ అంటారు. డాక్టరు నోట వింటే గుండె జారే మాట, వాచీల దుకాణంలో ధర పెంచే మాట. పటేక్ ఫిలిప్ కంపెనీ హెన్రీ గ్రేవ్స్ అనే అమెరికన్ బ్యాంకరు కోసం చేసి 1933లో అందించిన జేబు గడియారంలో ఇవి 24 ఉన్నాయి. 2014 వేలంలో అది రెండు కోట్ల ముప్ఫై లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది.

దీనికి పూర్తిగా అవతలి గట్టున ఉన్నది మన హెచ్ఎంటీ జనతా. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో మొదలైన ఫ్యాక్టరీ వాళ్లది. జనతాలో మూడు ముళ్లు, 17 జ్యువెల్స్, రోజుకోసారి చావి ఇవ్వడం. అంతే. తారీకు లేదు, వారం లేదు. 2016లో కేంద్ర మంత్రివర్గం ఆ వాచీల కంపెనీ మూసివేతకు ఆమోదం తెలిపాక, బీరువాల్లో పడి ఉన్న జనతాలకు ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కుని, ఫొటో పెట్టి, ‘ఎంత నిరాడంబరం, ఎంత నిజాయితీ’ అని మురిసిపోయేవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే నలుగురైదుగురున్నారు.

నాకూ జనతా ఇష్టమే. కానీ ఆ పొగడ్త వింటే ఎక్కడో గుచ్చుకుంటుంది. పొగిడే మనిషి జేబులో ఫోనుంది. అందులో తారీకు, అలారం, అమావాస్య, న్యూయార్కులో టైమెంతో, అన్నీ ఉన్నాయి. వాచీలో ఏమీ లేకపోవడం ఆయనకు అలంకారం. ఒకప్పుడు తారీకు ఉన్న వాచీ కోసం ఆశపడ్డ పల్లెటూరి బడిపంతుల్ని మాత్రం మనం షోకులరాయుడు అనేస్తాం. కోర్టు పేషీ ఎప్పుడో, సొసైటీ అప్పు వాయిదా ఎప్పుడో ఆయనకు గుర్తుండాలి కదా. ఇక తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం అంటారా, అవన్నీ గోడమీది క్యాలెండరు చూసుకునేది. వర్జ్యం చూపించే వాచీ చేసిపెట్టమని ఏ జెనీవా కంపెనీనీ మనం అడగలేదు.

గాంధీ దగ్గరున్న జెనిత్ జేబు గడియారం సంగతి చూడండి. 2009లో ఆయన కళ్లద్దాలు, చెప్పులతోపాటు న్యూయార్కులో వేలానికి వచ్చిందది. దానికి అలారం ఉంది. చొక్కా కూడా వద్దనుకున్న మనిషి, అలారం వద్దనుకోలేదు. పొద్దున్నే ప్రార్థనకు లేవాలి, ఇచ్చిన వేళకు మనిషి ముందుండాలి. ఆ అదనం వెనక ఒక పని ఉంది, ఆ పని చేసేవాడు ఆయనే. కాబట్టి ఎన్ని ఉన్నాయి అని లెక్కపెట్టడంతో నిరాడంబరత తేలదు. ఆ అదనపు దాని బరువు ఎవరి మీద పడుతోంది అన్నది చూడాలి.

తారీకునే తీసుకుందాం. మామూలు వాచీలో తారీకు చక్రం మీద 31 అంకెలుంటాయి. ఫిబ్రవరిలో 28 రోజులే అని దానికి తెలియదు. ఏడాదికి ఐదుసార్లు మనమే సరిచేయాలి. అదీ అర్ధరాత్రికి దగ్గర్లో చేయకూడదు, ఆ వేళకు లోపలి పళ్లు ఒకదానితో ఒకటి పట్టుకుని ఉంటాయి, తిప్పితే విరిగే ప్రమాదం. తారీకు చెప్తానని మాటిచ్చేది వాచీ, ఆ మాట నిలబెట్టే పని పెట్టుకున్నవాడిది. ఇది న్యాయమైన బేరమే. పెట్టుకునేవాడు ఒకడు, మోసేవాడు ఇంకొకడు అయినప్పుడే నాకు పేచీ.

మా అమ్మ పుట్టిల్లు నవాబుపేట. 1979లో అమ్మ పెళ్లికి సైకిలు, రేడియో, వాచీ మాట్లాడుకున్నారు. తాత హైదరాబాదు పోయి ఒక జనతా కొనుక్కొచ్చాడు. లగ్గం ఇంకా నెలన్నర ఉందనగా మా నాన్నవాళ్ల వైపు నుంచి కబురొచ్చింది: చావి ఇచ్చేది కాదు, ఆటోమేటిక్ కావాలె, తారీకు, వారం రెండూ చూపించేది. ఆ ఏడు చేనుమీదున్న కంది పంటను తాత కోతకు ముందే వికారాబాదు సేటుకు అమ్ముకున్నాడు, సేటు చెప్పిన రేటుకు. కొత్త వాచీ వచ్చింది. వద్దన్న జనతా తాత చేతికే మిగిలింది.

చచ్చిపోయేదాకా ఆయన అదే పెట్టుకున్నాడు. అంతకుముందు ఆయనకు వాచీ లేదు. ‘మీ తాత ఎంత సాదాసీదా మనిషి’ అని ఇప్పుడా వాచీ చూసి మిత్రులంటారు. నేనేం జవాబు చెప్పను.

నాన్న ఆటోమేటిక్‌ను పదేళ్లు పెట్టాడేమో. ఆ తర్వాత క్వార్ట్జ్ వచ్చింది, తారీకు దాదాపు ఉచితమైపోయింది. మన హైదరాబాదు ఆల్విన్ కూడా సీకో సహకారంతో వాచీలు చేసిన రోజులవి (ఇప్పుడు కూకట్‌పల్లిలో కాలనీకి పేరు మిగిలింది). కందులు మింగిన వాచీ బీరువాలోకి పోయింది.

మొన్న దసరాకు రెండూ నా దగ్గరికొచ్చాయి. వికారాబాదులో వాచీలు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, చాచా అంటాం. జనతాను విప్పి, కడిగి, నూనె వేసి గంటన్నరలో ఇచ్చేశాడు. ఆటోమేటిక్‌లో వారం చక్రం ఆదివారం దగ్గర బిగుసుకుపోయింది. “సామాను దొరకది బేటా. గసుంటి పాత వాచీ ఇంకోటి దొరికితే అందులకెళ్లి తీసి ఎయ్యాలె. లేకుంటే క్యాలెండరు సామానంత తీసేస్త, సాఫ్‌గ నడుస్తది” అన్నాడు.

తీసేయించాలనే అనిపించింది. ముళ్లు మిగులుతాయి, టైము మిగులుతుంది, ఎవరికీ బరువు లేదు. డయల్ మీద కిటికీ వెనక ఖాళీగా ఉంటుంది, అంతేగా. దుకాణం మెట్లమీద నిలబడి అమ్మకు ఫోన్ చేశాను. నాన్న పోయి ఆరేళ్లు, ఆ వాచీ గురించి ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. కాసేపు ఏమీ అనలేదు.

“తీసేస్తే దానికీ మా నాయిన వాచీకీ ఫరకేముంటదిరా?” అంది. “గా ఫరక్‌కే కదా కందులు పోయినయ్.”

ఉంచమందో, తీసేయమందో నాకు అర్థం కాలేదు. మళ్లీ అడగలేదు. లోపలికెళ్లి, పాత వాచీ దొరికేదాకా ఆగుదామని చాచాకు చెప్పాను. ఆయన చీటీ మీద నా ఫోన్ నంబరు రాసి, దాన్ని వాచీకి చుట్టి, రేకు డబ్బాలో పెట్టాడు. రెండు నెలలవుతోంది, ఇంకా కబురు రాలేదు.