నిప్పురవ్వకు తగిన సమయం



మెకానిక్ షెడ్డులో దేవుని మాట వినిపిస్తుందా అని మీరు అడగవచ్చు. వడ్రంగి ఇంట పెరిగిన ప్రభువు పనిముట్ల మధ్య మాట్లాడితే ఆశ్చర్యమెందుకు?

కొన్నేళ్ళ క్రితం అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, డిట్రాయిట్ నగరానికి దగ్గరగా ఉన్న ఒక విచారణలో గురువుగా సేవ చేశాను. అక్కడ ఒక పెద్దాయన ఉండేవారు. కార్ల ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఒక శనివారం మధ్యాహ్నం, సాయంకాలపు దివ్యపూజకు ఇంకా వ్యవధి ఉండగా, "ఫాదర్, ఒకసారి మా షెడ్డుకు వస్తారా? లైటు పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి" అని పిలిచారు.

షెడ్డులో 1966 నాటి పాంటియాక్ జీటీఓ కారు ఉంది. మధ్యరకం కారులో పెద్ద ఇంజను బిగించి, వేగం కోసమే తయారుచేసిన ఇలాంటి బండ్లను అక్కడ 'మజిల్ కార్లు' అంటారు. 1964లో జీటీఓ వచ్చాక ఆ మోజు దేశమంతా పాకింది. దాని ఇంజనుకు ఎనిమిది సిలిండర్లు, మొత్తం 389 ఘనపుటంగుళాలు, అంటే సుమారు 6.4 లీటర్లు. మనమెరిగిన పాత అంబాసిడర్ ఇంజను ఒకటిన్నర లీటరే అని గుర్తుచేసుకుంటే దాని బలం మీకు తెలుస్తుంది.

ఆనాటి పని ఇగ్నిషన్ టైమింగ్ పెట్టడం. పెద్దాయన ఓపికగా వివరించారు. సిలిండరులో పిస్టన్ పైకి వస్తూ పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని అదుముతుంది. అది పైకొసకు చేరి కిందికి తిరిగే వేళకు మంట అందుకొని దానిని బలంగా తోయాలి. అయితే మంట క్షణంలో పాకదు. పాకడానికి దానికి వ్యవధి కావాలి. అందుచేత పిస్టన్ ఇంకా పైకి రాకముందే ప్లగ్గు నిప్పురవ్వ వేయాలి. నిలకడగా, మెల్లగా తిరిగేటప్పుడు ఈ ఇంజనుకు చెప్పిన లెక్క, పైకొసకు 6 డిగ్రీల ముందు. వేగం పెరిగితే ఇంకా ముందుకు జరగాలి. ఎందుకంటే నిమిషానికి 600 చుట్లు తిరిగేటప్పుడు సెకనులో వెయ్యోవంతు కాలంలో ఇరుసు 3.6 డిగ్రీలే తిరుగుతుంది. 3000 చుట్ల వేగంలో అదే కాలంలో 18 డిగ్రీలు తిరుగుతుంది. డిస్ట్రిబ్యూటర్‌లోని చిన్న బరువులు వేగానికి విచ్చుకొని, రవ్వను దానంతటదే ముందుకు జరుపుతాయి.

రవ్వ మరీ ముందు పడితే? పైకి వస్తున్న పిస్టన్‌కు మంట ఎదురుతిరుగుతుంది. డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్లు ఇంజను కొట్టుకుంటుంది. పట్టించుకోకపోతే పిస్టన్‌కు చిల్లుపడుతుంది. ఆలస్యంగా పడితే? బలం ఉండదు, ఇంజను వేడెక్కుతుంది, పెట్రోలు వృథా అవుతుంది. రవ్వ అదే, పెట్రోలు అదే. తేడా అంతా సమయంలోనే.

ఇంజను వేడెక్కాక ఆయన డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే వ్యాక్యూమ్ గొట్టం పీకి, దాని నోరు మూశారు. టైమింగ్ లైటును ఒకటవ సిలిండరు తీగకు తగిలించి నా చేతికిచ్చారు. ఆ సిలిండరులో రవ్వ పడినప్పుడల్లా లైటు మెరుస్తుంది. ఇంజను ముందుభాగంలో సెకనుకు పదిసార్లు తిరిగే చక్రంమీద ఆ వెలుగు పడగానే, దానిమీది తెల్లగీత నిలిచిపోయినట్లు కనబడింది. అది 12 డిగ్రీల దగ్గర ఉంది!

ఆయన నవ్వారు. "పొద్దున కావాలనే చెవితో విని పెట్టాను, ఫాదర్. నలభై ఏళ్ళు ఇంజన్లను విన్న చెవి. అదీ తప్పింది చూశారా!" డిస్ట్రిబ్యూటర్ అడుగు బోల్టు వదులుచేసి, దానిని వెంట్రుకవాసి తిప్పారు. గీత 6 దగ్గరకు వచ్చింది. బోల్టు బిగించి, బిగింపులో జరిగిందేమోనని మళ్ళీ చూడమన్నారు.

తరువాత చేతులు తుడుచుకుంటూ ఆ మాట చెప్పారు. ఆయన కుమారుడికి పంతొమ్మిదేళ్ళప్పుడు, ఇంకాస్త చురుకుదనం కోసం ఈ ఇంజనుకే చెవితో టైమింగ్ పెట్టి, కొట్టుకుంటున్నా వినిపించుకోకుండా పెద్దరోడ్డుమీద పరుగెత్తించాడు. పిస్టన్ చిల్లుపడింది. "ఆ రాత్రి వాడు ఏదో చెప్పబోయాడు. నేను ఆగలేదు. స్నేహితుల ఎదుట అనరాని మాట అన్నాను. వాడు ఇల్లు వదిలాడు. పదకొండేళ్ళయింది. ఇంజను మూడు నెలల్లో బాగుచేశాను. వాడు వచ్చి తప్పు ఒప్పుకుంటే క్షమిద్దామని అప్పటినుండీ చూస్తున్నాను."

ప్రియ సహోదరీ సహోదరులారా, లూకా సువిశేషం 15వ అధ్యాయంలోని తండ్రి నాకు గుర్తుకు వచ్చాడు. కొడుకు ఇంకా దూరంగా ఉండగానే ఆయన పరుగెత్తాడు. కొడుకు కూర్చుకున్న క్షమాపణ మాటలు ముగియకముందే మంచి వస్త్రం తెమ్మన్నాడు. ఆ తండ్రి క్షమ ఆ ఉదయం పుట్టినది కాదు. అది ముందే రగులుకొని ఉంది, కనుకనే కొడుకు కనబడగానే కాళ్ళకు అంత బలం వచ్చింది. నేను పెద్దాయనతో ఇంతే అన్నాను: "మీ కోపం మరీ ముందు వెలిగింది. మీ క్షమకు పదకొండేళ్ళ ఆలస్యమైంది. వాడు పైకొసకు రావాలని చూస్తున్నారు. రవ్వ పడవలసింది అంతకుముందే గదా!" ఆయన మారు పలుకలేదు. పూజకు మాత్రం అందరికంటే ముందు వచ్చారు.

ఆ రాత్రి ఆయన కుమారుడికి ఫోను చేశారు. ఎవరూ తీయలేదు. తరువాతి ఆదివారాలూ చేశారు. నేను ఆ విచారణ విడిచివచ్చేనాటికి జరిగింది ఒక్కటే. క్రిస్మసుకు ఒక కార్డు వచ్చింది. అందులో సంతకం తప్ప మరొక మాట లేదు. ఆ కార్డును ఆయన చొక్కా జేబులో పెట్టుకొని తిరిగేవారు.

మన ఇళ్ళలో మాత్రం ఇలాంటి షెడ్లు లేవా? పొలం గట్టు దగ్గర మాట జారి పలకరింపులు మానిన అన్నదమ్ములు లేరా? కులం కాని వానిని పెళ్ళాడిందని గడప తొక్కనివ్వని కూతురు లేదా? మనం అన్న మాట నిజమే కావచ్చు. ఎదుటివాడు నోరు విప్పకముందు అన్న నిజం చిల్లు పొడుస్తుంది. మన మనసులో క్షమ ఉండవచ్చు. దానిని అవతలివాడు వంగేదాకా దాచుకుంటే మనమే వేడెక్కి పాడవుతాము.

"నాకు తెలుసు, నేను సమయానికే మాట్లాడతాను" అనుకోవద్దు. చెవి మోసం చేస్తుంది. రాత్రి పడుకోబోయేముందు ఆత్మశోధన అనే లైటు వేయండి. ముందుగా ఆ గొట్టం పీకండి. అంటే వాళ్ళు ఇలా అన్నారు, వీళ్ళు అలా చేశారు అనే సాకులను పక్కన పెట్టి, మీ సొంత రవ్వ ఎక్కడ పడుతోందో చూడండి.

పెద్దాయన మరొక జాగ్రత్త చెప్పారు. కొన్ని పాత ఇంజన్లలో గీత ఉన్న చక్రపు వెలుపలి వలయం రబ్బరుమీద ఉంటుంది. ఏళ్ళు గడిస్తే అది జారుతుంది. అప్పుడు లైటు సరిగానే వెలిగినా గీత అబద్ధం చెబుతుంది. అసలు పైకొస ఎక్కడో పిస్టన్‌నే తాకి తెలుసుకోవాలి. అంతఃకరణ కూడా అలవాటుపడి జారుతుంది. పగను పౌరుషమని, మొండితనాన్ని పరువని చూపిస్తుంది. దానిని సిలువమీది ప్రభువుతో సరిచూసుకోండి. ఆయన తన్ను చంపేవారికోసం, వారు క్షమ అడగకముందే, తండ్రిని వేడుకున్నాడు.

ఈ వారం పాపసంకీర్తనానికి వెళ్ళేముందు ఒక పేరు తలచుకోండి. ఎవరి పేరో మీకు తెలుసు. ఆ మనిషి వచ్చేదాకా ఆగకండి. వేగంగా పరుగెత్తే ఈ రోజుల్లో రవ్వ ఇంకా ముందే పడాలి.

కోపానికి ఆలస్యాన్ని, క్షమకు తొందరను ప్రభువు మనకు దయచేయునుగాక. ఆమెన్.