కురిసే ఇంట్లో ఎవరి మాట వినాలి?

మా ఇల్లు రెండేళ్ళు కురిసింది. హైదరాబాదులో పై అంతస్తు ఫ్లాటు. హాలు సీలింగు మీద అరచేయంత చెమ్మ మరక మొదలై, పెచ్చులూడి, లోపలి ఇనుప చువ్వల తుప్పు కనిపించేదాకా వచ్చింది. ఇక మా వల్ల కాదని వాటర్ ప్రూఫింగ్ కాంట్రాక్టరుని పిలిచాను.

శివరాత్రి రోజుల్లో, చుక్క వాన లేనప్పుడు కూడా మరక పెరుగుతోందని చెప్పాను. ఆయన తలూపుతూనే గుమ్మం వైపు చూసి, "సార్ ఎప్పుడొస్తారు మేడమ్?" అన్నాడు. సారు లేరు, ఇల్లు నాదే, అప్పూ నాదే అన్నాను. డాబా అంతా ఏదో పూత పూయించాడు. డబ్బు పోయింది, మరక పోలేదు.

మాటలో నిజమెంతో చూడకుండా, మాట్లాడేది ఎవరో చూసి నమ్మకాన్ని తూచే ఈ అలవాటు గురించే మిరాండా ఫ్రికర్ 2007లో పుస్తకం రాసింది. జ్ఞానం విషయంలో జరిగే అన్యాయం అంది దాన్ని. సెమినార్లలో ఆ మాట వచ్చినప్పుడల్లా నాకు ఆ కాంట్రాక్టరే గుర్తొచ్చేవాడు. అన్యాయం జరిగింది నాకే అనుకోవడంలో ఒక సుఖం ఉంది, ఒప్పుకోవాలి.

రెండోసారి వేరే మేస్త్రీని పిలిచాను. అతనితో ఇద్దరు మగ కూలీలు, పాలమూరు నుంచి వలస వచ్చిన ఒకామె. వాననీళ్ళ గొట్టాలు మూసి, డాబా మీద రెండు రోజులు నీళ్ళు నిలబెట్టి చూద్దామన్నాడు మేస్త్రీ. అది సరైన పద్ధతే. నీళ్ళు దిగిన చోటే కారవు, స్లాబు పగుళ్ళ వెంట పోయి ఇంకెక్కడో బయటపడతాయి. తట్ట దించుతూ ఆమె నాతో అంది: "అమ్మా, గివి వాన నీళ్ళు గావు. ట్యాంకు ఎనక పైపు మూలకు సూడుండ్రి. ఇంత ఎండల గూడ ఆడ నాచు పచ్చగున్నది."

వాన కాదనే కదా నేనూ మొత్తుకున్నది! అయినా మేస్త్రీ వైపు తిరిగి, "నిజమేనా?" అని అడిగాను. "దానికేం తెలుసు మేడమ్" అన్నాడు. నేను కిందికి దిగొచ్చేశాను.

నా తరఫున చెప్పుకోదగ్గ వాదన ఉంది. మనకి తెలియదు కాబట్టే తెలిసినవాణ్ణి పిలుస్తాం. ప్రతి ఒక్కరి మాటా పట్టుకుంటే పని సాగదు. ఆమె పొరబడి ఉండొచ్చు కూడా. కూలి స్త్రీ చెప్పింది గనక నిజమై తీరాలనడం ఇంకోరకం చిన్నచూపు. కానీ ఆమె నన్ను నమ్మమనలేదు, చూడమంది. ట్యాంకు దాకా పది అడుగులు. నమ్మడానికి రుజువు కావాలి సరే, వెళ్ళి చూడటానికి ఏం కావాలి?

తట్ట మోసే కుర్రాడికి నాలుగేళ్ళకి తాపీ చేతికిస్తారు. ఇరవై ఏళ్ళు మోసినా ఆడమనిషికి ఇవ్వరు. అందుకే నిపుణుడంటే మనకి మగవాడే కనిపిస్తాడు. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది. మా డాబా మీద మాత్రం అదే తట్టకి ఆమెకి రోజుకి రెండు వందలు తక్కువ. ఆ లెక్క నాకు ముందే చెప్పారు, నేను సరేనన్నాను.

నిలబెట్టిన నీళ్ళు దిగలేదు. పదో రోజుకి ట్యాంకు వెనక పైపు మూలలో పగులు దొరికింది. అప్పటికి ఆమె ఇంకో పనికి వెళ్ళిపోయింది. మేస్త్రీ బిల్లులో 'లీకు కనిపెట్టినందుకు' అని పదిహేను వందలు విడిగా వేశాడు. కనిపెట్టింది ఆమె కదా అన్నాను. "ఎవరు మేడమ్?" అన్నాడు. చెప్పబోతే ఆమె పేరు నాకూ తెలియదు. బిల్లు మొత్తం కట్టేశాను.